మీ ఫిర్యాదు మాకు చేరింది

నాకు చిన్నప్పటి నుంచీ మార్కుల పిచ్చి. నూటికి తొంభై నాలుగు వస్తే ఆ ఆరూ ఎక్కడికి పోయాయని మాస్టారితో తగువు పెట్టుకునేదాన్ని. పెళ్ళి చేసుకున్నాను, అది ఏడాది తిరక్కుండానే చెడింది, పెట్టె సర్దుకుని అన్నయ్య దగ్గరికి వచ్చి పడ్డాను. ఇంత జరిగినా ఆ పిచ్చి మాత్రం వదల్లేదు. అన్నయ్యకి లిఫ్టులు బిగించి బాగుచేసే షెడ్డు ఉంది. పదకొండు మంది మెకానిక్కులు, వాళ్ళలోనే పెద్దగా ఒకాయన, ఫోన్లు చూసుకోవడానికి వదిన, వెబ్‌సైటు చూసుకోవడానికి నేను. మెకానిక్కులు నన్ను మార్కులక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరింట్లోనైనా లిఫ్టు మొరాయిస్తే ఇప్పుడు పక్కింటివాళ్ళని అడగరు, ఫోన్లో వెతుకుతారు. వెతికితే వందల పేర్లు వస్తాయి. మొదటి పదిలో లేనివాడు లేనట్టే లెక్క. ఆ పదిలో చేరాలంటే వెతికే యంత్రానికి మన సైటు నచ్చాలి. నచ్చుతుందో లేదో ముందే చెప్పడానికి పరీక్ష పెట్టే సాధనాలున్నాయి. సైటు చిరునామా ఇస్తే చాలు, అర నిమిషంలో పైనుంచి కిందదాకా గాలించి నూటికి ఇన్ని అని మార్కులేస్తాయి. పేజీకి సరైన శీర్షిక ఉందా, ఎంత తొందరగా తెరుచుకుంటోంది, లింకులు పనిచేస్తున్నాయా తెగిపోయాయా, ప్రతి బొమ్మ వెనకా అది దేని బొమ్మో మాటల్లో రాసి ఉందా, ఇలా అరవై డెబ్భై రకాల తప్పులు పట్టుకుని ఎర్రగా చూపిస్తాయి. నాలాంటిదానికి ఇంకేం కావాలి.

మా సైటుకి మొదటిసారి యాభై రెండు వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నయ్య తన మొదటి లిఫ్టు పక్కన నిలబడి దిగిన ఫోటో ఒక్కటే పేజీని ఆరు సెకన్లు ఆపేస్తోందని తేలింది. దాన్ని కుదించాను. ఎప్పుడో తెగిపోయిన లింకులు పీకేశాను, శీర్షికలు తిరగరాశాను. అరవై అయింది, డెబ్భై మూడయింది, ఎనభై ఏడు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఎంత మొత్తుకున్నా కదల్లేదు. ఫిర్యాదుల ఫారం వెనక ఏదో పెద్ద బరువు వేలాడుతోందని, దాన్ని ఎవరూ వాడటం లేదని సాధనం అంది. ఆ బరువు తీసేశాను. పనిలో పనిగా ఫారానికి కొత్త ముస్తాబు చేశాను. అంతకుముందు ఫిర్యాదు పంపితే ఏదో పన్నెండంకెల నంబరు వచ్చేది. అదెవరికి కావాలి? దాని బదులు ఒక ఆకుపచ్చ టిక్కు పెట్టి, పక్కన "ధన్యవాదాలు. మీ ఫిర్యాదు మాకు చేరింది" అని రాశాను. బటను నొక్కి చూశాను, టిక్కు ముచ్చటగా వచ్చింది. ఒకటో తేదీన కొత్త సైటు పెట్టాం. తొంభై ఆరు.

ఆ కాగితం అచ్చుతీసి గోడకి అంటించాను. నవ్వుకోండి, ఫరవాలేదు.

ఆ వారమంతా సైటు నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. మామూలుగా వారానికి నాలుగైదు వచ్చేవి. లైటు వెలగడం లేదనీ, తలుపు కిర్రుమంటోందనీ, ఇలాంటి చిన్నాచితకావి. పెద్ద మెకానిక్కు టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏంటమ్మా, లిఫ్టులన్నీ ఒక్కసారే బుద్ధిమంతులైపోయాయి?" అన్నాడు. "సైటుకి తొంభై ఆరొచ్చింది కదా, వాటికీ సిగ్గేసుంటుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదిలిపెట్టలేదు.

పదో తేదీ ఉదయం, షెడ్డుకి నాలుగు వీధుల అవతల ఉన్న అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తు తలుపు తెరుచుకుంది. లిఫ్టు రాలేదు, తలుపు మాత్రమే తెరుచుకుంది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి డాబా మీద ఆరేయడానికి తడిబట్టల బుట్ట రెండు చేతులా ఎత్తుకుని ఉంది. బుట్ట అడ్డం ఉండబట్టి ఎదురుగా ఏముందో ఆమెకి కనిపించలేదు. ఈ సంగతి గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

విచారణ జరిగింది. తలుపు తాళం అరిగిపోయిందని తేలింది, మా లైసెన్సు మూడు నెలలు ఆపారు. రెండు నెలల ముందు ఆ తాళాన్ని చూసి బాగుందని సంతకం పెట్టినందుకు పెద్ద మెకానిక్కుని లిఫ్టు ఎక్కనివ్వకుండా షెడ్డులో కూర్చోబెట్టారు. చనిపోయిన అమ్మాయి తల్లి మాత్రం ఒకటే మాట పట్టుకుంది. రెండు రోజుల ముందే మీకు ఫిర్యాదు పంపాను, చేరిందని మీరే చెప్పారు అంది. రుజువుగా ఏదో ఫోటో చూపించిందట. అందులో తెల్ల మచ్చ తప్ప ఏమీ కనిపించలేదట. మా ఈమెయిలు పెట్టెలన్నీ వెతికారు, ఒక్క ఉత్తరమూ దొరకలేదు. ముందుగా ఫిర్యాదు అందిన దాఖలా లేదని అధికారి రాశాడు. ఆ ఒక్క వాక్యమే మా షెడ్డుని నిలబెట్టింది. ఫారం ఉంటే తలనొప్పులని వకీలు అనడంతో పదిహేడో తేదీనే దాన్ని తీసేసి ఫోన్ నంబరు పెట్టాం. నేను విచారణకి వెళ్ళలేదు. ఆవిడ దుఃఖంలో ఏదో ఊహించుకుందని అందరితో పాటు నేనూ అనుకున్నాను. కొన్నాళ్ళయ్యాక ఆ అపార్ట్‌మెంటువాళ్ళు కూడా అలాగే అనుకోవడం మొదలుపెట్టారు.

ఆవిడని మేము కార్డులావిడ అనేవాళ్ళం. అన్నయ్య కోపంలో పెట్టిన పేరు. గ్రంథాలయంలో చూపులేనివాళ్ళ విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిందట. పుస్తకాల్లో బొమ్మలుంటాయి కదా, ఒక్కో బొమ్మలో ఏముందో ఒక్కో కార్డు మీద రాసిపెడితే దాన్ని చదువరులకి చదివి వినిపిస్తారు. ఆవిడ ఉద్యోగం అది. ఏ విషయమైనా నోటితో చెప్పదు, రాసి ఇస్తుంది, రాసినదాని నకలు దాచుకుంటుంది.

ఏడాది తిరిగేసరికి ఆవిడ ఒక వెబ్ పేజీ పెట్టింది. ఒకే ఒక్క పేజీ. పైన మా కంపెనీ పేరు, దాని కింద "మూడో అంతస్తు లిఫ్టు తలుపు". ఆ కింద కూతురి ఫోటోలు, కాస్త రాత. అంతే. నెల తిరక్కుండా మా కంపెనీ పేరు కొడితే మొట్టమొదట ఆ పేజీ రావడం మొదలైంది. మేము రెండోవాళ్ళం. లిఫ్టు కాంట్రాక్టు ఇద్దామనుకున్న ప్రతివాడూ ముందు పేరు వెతుకుతాడు. వెతికాక ఇంక ఫోన్ ఎత్తడు.

"ఆ పేజీని కిందికి తొయ్యగలవా?" అన్నాడు అన్నయ్య. అడగడానికి మొహం చెల్లక కిటికీ వైపు తిరిగి అడిగాడు. "తీయించమనటంలేదు. పదిలో లేకుండా చెయ్యి చాలు. ఇలాగే సాగితే షెడ్డు మూసెయ్యాలి. ఇంతమందినీ ఎక్కడికి పొమ్మంటాను చెప్పు."

అన్నయ్య చెడ్డవాడు కాడు. ఆ అమ్మాయి పోయిన రోజు నుంచి లిఫ్టు ఎక్కడం మానేశాడు. లిఫ్టులు అమ్మేవాడు ఎనిమిదో అంతస్తుకి ఆయాసపడుతూ మెట్లెక్కి వెళ్తే జనం వింతగా చూసేవారు. నేను సరేనన్నాను. నా పనే అది కదా.

నాలుగు నెలలు పనిచేశాను. లిఫ్టు ఆగిపోతే ఏం చేయాలి, లిఫ్టులో పిల్లల్ని ఎలా జాగ్రత్తగా చూసుకోవాలి, ఇలా నలభై వ్యాసాలు రాశాను. భద్రత మా ఊపిరి అని ఒకదానికి శీర్షిక పెట్టాను, సిగ్గు లేకుండా పెట్టాను. తెలిసిన సైట్లవాళ్ళందరినీ బతిమాలి లింకులు వేయించాను. కార్డులావిడ పేజీ ఒకటి నుంచి మూడుకి జారింది. అక్కడ మొండికేసింది. ఎందుకా అని దాన్ని కూడా పరీక్షకి పెట్టాను. నూటికి తొంభై ఎనిమిది.

నిజం చెప్తున్నాను, నాకు ఒళ్ళు మండింది. పోయిన కూతురి కోసం ఒక తల్లి కట్టుకున్న పేజీని చూసి అసూయ పడిన మనిషిని నేను. నాకు తొంభై ఆరు దాటలేదు, ఈ పెద్దావిడకి తొంభై ఎనిమిది ఎలా వచ్చింది? వరసగా చూశాను. పేజీ తేలిక, కాబట్టి చిటికెలో తెరుచుకుంటుంది. శీర్షిక సూటిగా ఉంది. బొమ్మలకి వివరణలు, ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటి. మాకు అక్కడే మార్కులు పోతున్నాయి. మా బొమ్మల వెనక నేను "లిఫ్టు ఒకటి", "లిఫ్టు రెండు" అని రాసి వదిలేశాను. ఆ రాత పేజీ చూసేవాళ్ళకి కనిపించదు. కళ్ళు లేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకీ, వెతికే యంత్రానికీ మాత్రమే అది అందుతుంది. ఆవిడ ఎంత పొడుగు రాసిందో, ఏ మాటలు వాడిందో చూసి మావీ అలా మార్చేద్దామనుకుని పేజీ వెనక ఉన్న రాత తెరిచాను.

మొదటి బొమ్మ వెనక ఇలా ఉంది: "మూడేళ్ళ పాప బాల్చీలో కూర్చుని ఉంది. బాల్చీలో నీళ్ళు లేవు. బయటికి రమ్మంటే రానంటోంది."

ఏడోది: "బడి మెట్ల మీద పదిమంది పిల్లలు. ఎడమ నుంచి నాలుగో పిల్ల మాది. కళ్ళు మూసుకుంది. అందరూ కలిసి దిగే ప్రతి ఫోటోలోనూ ఇంతే."

పంతొమ్మిదోది: "గోడకి ఆనించిన సైకిలు. మనిషి లేదు. ఈ ఫోటో తనే తీసింది, సైకిలు బాగుందని."

నేను ఎన్ని పదాలున్నాయో లెక్కపెడదామని కూర్చున్నాను. పదో బొమ్మ దగ్గరే లెక్క తప్పింది. ఆవిడ పేజీ మీద పైకి రాసింది నాలుగు పేరాలే, అదీ పొడిపొడిగా. ఉన్నదంతా ఈ వెనక రాసుకుంది. ఇది చదివే మనిషి ఒకరుంటారని ఆవిడ అనుకుని ఉండదు. ముప్ఫయ్యోది లిఫ్టు తలుపు: "మూడో అంతస్తు. బూడిదరంగు తలుపు. మూసి ఉంది. కొత్త తాళం వేశారు."

ముప్ఫై ఒకటోది ఆఖరు. పేజీలో చూస్తే వట్టి తెల్ల మచ్చ, చుట్టూ మసక. విచారణలో ఎవరూ పట్టించుకోని ఫోటో ఇదేనని అర్థమైంది. వెనక ఇలా ఉంది:

"మా ఇంటి కంప్యూటరు తెర. ఫ్లాషు పడి మధ్యలో ఏమీ కనిపించడం లేదు. అక్కడ ఉన్నది ఇది. ఎడమవైపు ఆకుపచ్చ టిక్కు. పక్కన ఇలా రాసి ఉంది: ధన్యవాదాలు. మీ ఫిర్యాదు మాకు చేరింది. మా అంతస్తులో లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకుంటోందని రాశాను. ఎనిమిదో తేదీ, ఉదయం పదకొండూ ఇరవై."

రెండోసారి చదివాను.

ఆ మాటలు నావి. ఆ టిక్కు నాది. ఒకటో తేదీకి ముందు అవి సైటులో లేవు, పదిహేడో తేదీ తర్వాతా లేవు. పదహారు రోజులు మాత్రమే బతికిన వాక్యం అది. విచారణ జరిగేనాటికి దాని జాడే లేదు. ఫారం నింపి బటను నొక్కితే తప్ప ఎవరికీ కనిపించే వీలులేదు. ఆవిడ ఊహించుకోలేదు. ఆవిడ పంపింది.

పాత ఫైళ్ళు పారేసే అలవాటు నాకు లేదు. ఒకటో తేదీనాటి సైటుని తీసి నా కంప్యూటర్లోనే తెరిచాను. ఫారంలో "పరీక్ష" అని రాసి నొక్కాను. టిక్కు వచ్చింది, చేరిందంది. ఉత్తరాల పెట్టె చూశాను. ఖాళీ. మళ్ళీ నొక్కాను. పెద్ద మెకానిక్కు మూలన కూర్చుని పాత తాళాలకి ఆకురాయి పెడుతున్నాడు. నా వాలకం చూసి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏంటమ్మా, నొక్కిందే నొక్కుతున్నావు?"

చెప్పాను. ఫారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి కంటికి కనిపించేది. రెండోది వెనక ఉండి, రాసినదాన్ని మా దాకా మోసుకొచ్చేది. బరువుగా ఉందని, ఎవరూ వాడటం లేదని సాధనం చెప్పింది ఆ రెండోదాన్నే. నేను దాన్ని పీకేశాను. తర్వాత టిక్కు వస్తోందా అని చూశానే తప్ప, ఉత్తరం వస్తోందా అని చూడలేదు.

ఆయన వంగి తెర మీది టిక్కు చూశాడు. "అంటే ఆ వారం లిఫ్టులు బుద్ధిగా ఏం లేవన్నమాట" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే ఆయన గోడకి అంటించిన కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

అన్నయ్యకి మధ్యాహ్నం చెప్పాను. వదిన కూడా ఉంది. అన్నయ్య మొదట అర్థం కానట్టు చూశాడు, తర్వాత కూలబడ్డాడు.

"నాకు ఫిర్యాదు రాలేదని చెప్పాను కదా" అన్నాడు. "అది నిజమేగా? నేను అబద్ధం చెప్పలేదుగా?"

"నువ్వు చెప్పింది నిజమే అన్నయ్యా. ఆవిడ చెప్పిందీ నిజమే. అబద్ధం చెప్పింది నా ఫారం."

"ఇంకెవరికి తెలుసు?"

"పెద్ద మెకానిక్కుకి."

"ఆయన చెప్పడు." అన్నయ్య గొంతు తగ్గించాడు. "నువ్వూ చెప్పకు. అంతా అయిపోయింది కదే. ఇప్పుడు చెప్తే ఆ పిల్ల తిరిగొస్తుందా? విచారణ మళ్ళీ తెరుస్తారు. ఈసారి లైసెన్సు మూడు నెలలతో పోదు. పదకొండు కుటుంబాలు రోడ్డున పడతాయి, మనతో కలిపి పన్నెండు."

"ఆవిడని అందరూ అబద్ధాలకోరంటున్నారు."

"నన్ను హంతకుడంటున్నారు. నేను పడటంలేదూ?"

"ఇద్దరూ పడుతున్నారు" అంది వదిన. "ఈవిడ ఒక్కత్తే గోడకి మార్కులంటించుకుంది." అని లోపలికి వెళ్ళిపోయింది. వదినకి నా మీద అంత కోపం ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఉండటం న్యాయమే.

రెండు రోజులు పనిచేస్తున్నట్టు నటించాను. అన్నయ్య చెప్పినదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు. పదకొండు మందీ నాకు తెలిసినవాళ్ళే, నన్ను అక్కా అని పిలిచేవాళ్ళే. కానీ ఆ వెనక రాత చదివిన మనిషిని నేనొక్కదాన్నే. దాన్ని చదవనట్టు ఉండటం ఎలాగో నాకు తెలియలేదు. మూడో రోజు పొద్దున షెడ్డుకి వెళ్ళకుండా నాలుగు వీధులూ దాటి అటు నడిచాను.

లిఫ్టు కిందే ఆగి ఉంది, తలుపు తీసే ఉంది. నేను మెట్లెక్కాను. మూడో అంతస్తులో బూడిదరంగు తలుపు పక్కనే ఆవిడ గుమ్మం. ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టిన ప్రతిసారీ ఆ తలుపుని చూడాలి.

ఆవిడ అరవై దాటిన మనిషి, సన్నగా ఉంది, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. నేనెవరో చెప్పగానే తలుపు వేసేస్తుందనుకున్నాను. "మీ వకీలు పంపాడా?" అంది.

"లేదండీ. ఎవరూ పంపలేదు. అన్నయ్యకి తెలియకుండా వచ్చాను."

లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. ముందుగదిలో పుస్తకాల బీరువా, ఒక బల్ల, గోడకి ఆనించిన సైకిలు. పంతొమ్మిదో బొమ్మలోని సైకిలే. నేను దారంతా సిద్ధం చేసుకున్న మాటలన్నీ దాన్ని చూడగానే ఎగిరిపోయాయి. తడబడుతూ, వెనకదాన్ని ముందూ, ముందుదాన్ని వెనకా చెప్పాను. మీరు పంపారు, మాకు రాలేదు, మధ్యలో మోసుకొచ్చే ముక్కని నేను పీకేశాను. మార్కుల కోసం పీకేశాను.

అంతా అయ్యాక ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"చేరకపోతే మరి చేరిందని ఎందుకు చెప్పింది?"

"ఆ మాట నేనే రాసి పెట్టానండీ. బటను నొక్కితే అది వస్తుంది. అంతే."

"చేరిందో లేదో ఎవరూ చూడకుండానే?"

"ఎవరూ చూడకుండానే."

"చేరలేదని చెప్పుంటే నడిచొచ్చేదాన్ని కదా" అంది ఆవిడ. "నాలుగు వీధులేగా. ఆ పూటే వచ్చి మీ గుమ్మంలో కూర్చునేదాన్ని." గొంతు పెంచలేదు. "పదో తేదీ పొద్దున బుట్ట తీసుకుంటూ అడిగింది. లిఫ్టు సంగతి చెప్పావా అమ్మా అని. చెప్పాను, చేరిందట, చూసుకునే ఉంటారులే అన్నాను. ఆ మాట విని వెళ్ళింది."

ఆవిడ లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. ఇచ్చి, అక్కడే నిలబడిపోయింది.

"నేను నొక్కానా?" అంది ఉన్నట్టుండి.

"ఏంటండీ?"

"ఆ బటను. విచారణలో అందరూ రాలేదు రాలేదు అంటుంటే నాకే అనుమానం వచ్చింది. వయసైపోయింది, కళ్ళు సరిగా కనిపించవు. రాసి, నొక్కకుండా వదిలేశానేమో. ఆ టిక్కు కూడా నేనే ఊహించుకున్నానేమో. ఫోటోలో చూస్తే ఏమీ లేదు. పందొమ్మిది నెలల్నుంచీ రోజూ ఇదే. నొక్కానా, లేదా." గోడ పట్టుకుంది. "నువ్వు చెప్పు. నేను నొక్కాను కదా?"

"నొక్కారండీ. నొక్కకపోతే ఆ టిక్కు మీకు కనిపించదు. ఆ మాట కనిపించదు. మీరు చేయాల్సిందంతా చేశారు."

ఆవిడ కింద కూర్చుండిపోయింది. సైకిలు చక్రం పక్కన, కాళ్ళు చాపుకుని, చిన్నపిల్లలా. ఏడ్చిందో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత లేచి, బల్ల సొరుగులోంచి తెల్ల కార్డు ఒకటి తీసి నా ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పినదంతా రాసివ్వు. తేదీతో సహా. నన్ను క్షమించమని మాత్రం రాయకు, అది నా వల్ల కాదు." రెండు కార్డులు పట్టింది. సంతకం పెట్టాను. అచ్చంగా అలాంటిదే ఇంకొకటి విచారణ కార్యాలయానికి రాసి పంపమంది. పంపుతానన్నాను. ఆవిడ ఫోన్ తీసి, "ఒక ఫోటో తీసుకుంటాను" అంది. వద్దనడానికి నేనెవర్ని? ఈసారి ఫ్లాషు పడకుండా, కిటికీ తెర పక్కకి లాగి, ఓపిగ్గా తీసింది.

తిరిగి వచ్చి ముందుగా నా నలభై వ్యాసాలూ తీసేశాను. ఆ సాయంత్రానికే ఉత్తరం పోస్టులో వేసి అన్నయ్యకి చెప్పాను. అన్నయ్య అరవలేదు. "సరే" అన్నాడు, అంతే. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. విచారణ మళ్ళీ తెరిచారు. ఇద్దరు మెకానిక్కులు ఇప్పటికే వేరేచోట పని వెతుక్కుని వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఎన్నాళ్ళుంటారో తెలియదు. పెద్ద మెకానిక్కు మాత్రం రోజూ వచ్చి ఆకురాయి పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆయన ముందు గుట్టలో అరగని తాళం ఒక్కటీ మిగల్లేదు.

వారం తర్వాత ఒక పొద్దున మా కంపెనీ పేరు కొట్టి చూశాను. కార్డులావిడ పేజీ మళ్ళీ మొదటికి వచ్చేసింది. పరీక్షకి పెట్టలేదు. తెరిచాను. కింద కొత్త బొమ్మ, ముప్ఫై రెండోది. దాని వెనక ఏం రాసిందోనని చాలాసేపు భయపడి, చివరికి తెరిచాను.

"మా ముందుగది. కుర్చీలో ఒక మనిషి. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది, తాగలేదు. లిఫ్టు ఉండగా మెట్లెక్కి వచ్చింది. వెనక మా అమ్మాయి సైకిలు. నేను నొక్కానని చెప్పింది. ఎనిమిదో తేదీన పంపిన ఫిర్యాదు పందొమ్మిది నెలలకి చేరింది."